‘మేము’ అని మొదలగు ప్రార్థన

పఠనము: లూకా 13:1–9, దానియేలు 9:3–19, 2 సమూయేలు 21:1–14

2018వ సంవత్సరము నవంబరు 8వ తేదీ, గురువారము. దీపావళి వెళ్లిన మరునాడు. దంతెవాడ జిల్లాలోని బచేలి బజారులో సరుకులు కొనుక్కొని కేంద్ర పారిశ్రామిక భద్రతా దళపు జవానులు కొందరు కొండమీది ఆకాశనగర్ వైపునకు బస్సులో తిరిగి వెళ్లుచుండిరి. నాలుగు దినములలో శాసనసభ ఎన్నికల పోలింగు జరుగవలసియుండెను. వారు ఆ బందోబస్తు నిమిత్తము వచ్చినవారు. గనులకు ఎక్కిపోవు ఘాట్ రోడ్డు మలుపులలో ఒకచోట మావోయిస్టులు అమర్చిన మందుపాతర ప్రేలెను. ఒక జవానును నలుగురు పౌరులును మరణించిరి. ఆ పౌరులలో బస్సు నడుపుచుండిన డ్రైవరు కూడ ఉండెను. బజారునుండి తెచ్చిన సంచులు ఆ దారిమీదనే చెదరిపోయెను.

గురువారము మరణము. సోమవారము పోలింగు. ఆ రెంటి నడుమ ఆదివారము వచ్చెను.

బచేలి గనుల ఊరు. బైలాడిల్లా కొండల ఎర్రని రాతిలో ఇనుము ఉన్నందున ఏర్పడిన ఊరు. ఎద్దు మూపురమువలె కనబడు కొండ గనుక దానికి ఆ పేరు వచ్చెనని చెప్పుదురు. అచ్చట హిందీ మాటలాడువారు, ఒడియావారు, మలయాళీలు, బెంగాలీలు, వారితోపాటు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్నము ప్రాంతములనుండి ఉద్యోగములకును కూలిపనులకును చిన్న వ్యాపారములకును చేరిన తెలుగువారు ఒకే వీధులలో బ్రదుకుదురు. చుట్టు అడవిలో గోండి, హల్బీ మాటలాడు ఆదివాసుల పల్లెలున్నవి. అట్టి ఊరిలో, అట్టి ఆదివారమున, మోకరించిన విశ్వాసి నోట మొదట ఏ మాట రావలెను? ప్రార్థింపవలెనని అందరును ఒప్పుకొందురు. ఏమని ప్రార్థింపవలెనో అచ్చటనే చిక్కు.

మొదటి మాట తొందరపడి రాకుండుటయే మంచిది. యోబు స్నేహితులు దూరదేశములనుండి వచ్చి, బూడిదలో కూర్చున్న అతని చూచి, ఏడు దినములు ఏడు రాత్రులు ఒక్క మాటయు పలుకక నేలమీద అతనితోకూడ కూర్చుండిరి. వారు ఆ గ్రంథమంతటిలో చేసిన ఉత్తమమైన పని అదియే. ఎనిమిదవ దినమున నోరు తెరచి కారణములు చెప్పుట మొదలుపెట్టినప్పుడే వారు చెడిపోయిరి. వారు చెప్పిన వాక్యములలో చాల భాగము విడిగా చూచినయెడల నిజమే. దేవుడు నీతిమంతుడనుట నిజమే; పాపమునకు ఫలమున్నదనుట నిజమే. అయినను ఆ నిజములను గాయపడినవాని గాయముమీద పెట్టుటచేత అవి అబద్ధములతో సమానమాయెను. చివరకు దేవుడు కోపించినది వారిమీద గాని, మొఱ్ఱపెట్టి వాదించిన యోబుమీద కాదు.

లూకా సువార్త 13వ అధ్యాయములో సరిగా ఇట్టి వార్తతోనే కొందరు ప్రభువునొద్దకు వచ్చిరి. బలులు అర్పించుచుండిన గలిలయులను పిలాతు చంపించెను. వారి రక్తము వారి బలుల రక్తముతో కలిసిపోయెను. ఆ వార్త తెచ్చినవారు ఏ అభిప్రాయముతో తెచ్చిరో లేఖనము చెప్పదు. అయితే ఆ దినములను ఎరిగినవారు ఊహింపగలరు. గలిలయులు తిరుగుబాటుదారులని పేరుపడినవారు. పిలాతు ప్రభుత్వము. ఈ వార్త విని యేసు ఏదో ఒక పక్షము పలుకునని వారు కనిపెట్టియుందురు. పిలాతును దూషించినయెడల రాజద్రోహి. గలిలయులను దూషించినయెడల స్వజనద్రోహి. అయినను ప్రభువు ఆ ఉచ్చులో పడలేదు. మరణించినవారు మిగిలిన గలిలయులకంటె ఎక్కువ పాపులా అను ప్రశ్నను ఆయనయే ఎత్తి, కాదని స్పష్టముగా చెప్పెను. పిమ్మట వారెవ్వరును అడుగని మరియొక వార్తను ఆయనయే తెచ్చెను: సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది మరణించిరి గదా, వారు యెరూషలేము కాపురస్థులందరికంటె అపరాధులా? కాదు. ఒకటి మనుష్యుడు చేసిన హత్య; మరియొకటి కట్టడము కూలిన ప్రమాదము. రెంటికిని ఒకే జవాబు.

ఆ జవాబులో మృతులను గూర్చిన తీర్పు లేదు. మారుమనస్సు అను మాట ఉన్నది గాని, అది వార్త తెచ్చినవారి వైపునకే తిరిగినది. చచ్చినవారి లెక్క చూడవచ్చినవారిని తమ లెక్క చూచుకొమ్మని ఆయన పంపివేసెను. పిలాతును నిర్దోషియని ఆయన చెప్పలేదు. ఆ పిలాతు చేతిలోనే కొంతకాలమునకు ఆయన రక్తమును చిందెను.

ఈ వాక్యము చదివినవాడు ఒక అలవాటును విడిచిపెట్టవలెను. దుర్ఘటన జరిగిన వారమున సాక్ష్యముల సమయములో తరచుగా వినబడు మాట ఒకటున్నది: ఆ దినమున ఆ దారినే పోవలసియుండెను, దేవుడు తప్పించెను. 2017 జనవరి 21వ తేదీ రాత్రి జగదల్‌పూర్‌నుండి భువనేశ్వరము పోవు హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ విజయనగరము జిల్లా కూనేరు వద్ద పట్టాలు తప్పి నలువదిమంది వరకు మరణించినప్పుడు, ఆ రైలు అందక మిగిలిపోయినవారు కూడ కొందరు ఉండియుందురు. వారు దేవునికి స్తోత్రము చెల్లింపకూడదా? తప్పక చెల్లింపవచ్చును. ప్రాణము దక్కినవాడు స్తోత్రము చెప్పకపోయినయెడల రాళ్లు చెప్పును. కాని ఆ స్తోత్రము గదిలో తలుపు వేసికొని చెల్లించుట ఒకటి, చచ్చినవాని భార్య వెనుకబల్లమీద కూర్చుండగా ధ్వనివర్ధకములో చెల్లించుట మరియొకటి. ఆమె చెవికి ఆ సాక్ష్యము ఎట్లు వినబడును? నీ భర్తను దేవుడు తప్పింపలేదని వినబడును. ఆమె ఆ మాట ఎవరితోను చెప్పదు. ఆ తరువాత ఆరాధనకు వచ్చుట మానుకొనును. సంఘము ఆమె విశ్వాసములో చల్లారెనని అనుకొనును.

తప్పింపబడినవాడు చెప్పదగిన స్తోత్రమునకు రెండవ సగమొకటి ఉన్నది. ఏలయనగా తప్పింపబడుట ఘనత కాదు, అప్పు.

ఇప్పుడు దానియేలునొద్దకు రావలెను. అతడు బబులోనులో ముసలివాడైయుండెను. యెరూషలేము పాడైపోయి చాలకాలమాయెను. ఆ పాడుకు అతడు కారకుడు కాడు. బాల్యములోనే చెరపట్టబడి కొనిపోబడినవాడు. అతని జీవితములో దోషమెంచవలెనని వెదకినవారికి ఏమియు దొరకలేదని అదే గ్రంథము చెప్పుచున్నది. అయినను 9వ అధ్యాయములో అతడు గోనెపట్ట కట్టుకొని, బూడిదలో, ఉపవాసముతో చేసిన ప్రార్థన మొదటినుండి చివరివరకు ‘మేము’ అను మాటమీదనే నడచుచున్నది. పాపము చేసినవారు, వినకపోయినవారు, సిగ్గుపడవలసినవారు, అందరు ‘మేమే’. వారు చేసిరి, మేము శ్రమపడుచున్నామని అతడు చెప్పవచ్చును. అది వాస్తవమునకు దగ్గరగా కూడ ఉండును. అతడు అట్లు చెప్పలేదు. షూషను కోటలో రాజునకు పానపాత్ర అందించుచు సుఖముగా ఉండిన నెహెమ్యాయు అట్లే చేసెను. తన తండ్రి యింటివారిని తనను కూడ ఆ లెక్కలో చేర్చుకొనెను. దోషుల పట్టికలో తమ పేరు లేనివారు తామే ఆ పట్టికలో పేరు వ్రాసికొని ప్రార్థించిరి. లోకపాపమును మోసిన ప్రభువు నడచిన దారి అదియే గదా.

తెలుగు క్రైస్తవుడు బస్తర్‌ను గూర్చి ప్రార్థించునప్పుడు ఈ ‘మేము’ అను మాట వానికి కష్టముగా తోచును. బస్తర్ పరరాష్ట్రము. 2000వ సంవత్సరము వరకు మధ్యప్రదేశ్, ఆ పిమ్మట ఛత్తీస్‌గఢ్. అడవి వారిది, తుపాకులు వారివి, చావులు వారివి. దూరపు సంఘములవారు జాలిపడి ప్రార్థించిన చాలునని అనిపించును. అయితే కొంచెము లెక్క చూడవలెను.

బైలాడిల్లా ఖనిజము 1960ల చివరనుండి కొత్తవలస–కిరందుల్ రైలుమార్గమున తూర్పు కనుమలు దిగి విశాఖపట్నము చేరుచున్నది. ఆ మార్గము 440 కిలోమీటర్లకు పైబడినది. దాని ఒక కొన కిరందుల్, బచేలి. మరియొక కొన తెలుగు నేల. జపానుకు పోయిన ఓడలు నిండినది ఆ రాతితోనే. విశాఖ ఉక్కు కొలుములకు పోయినదియు ఆ రాయే. తెలుగు ఇండ్ల పైకప్పులలోని ఇనుపచువ్వలలో ఆ కొండ ముక్కలెన్ని ఉన్నవో ఎవరు చెప్పగలరు? గనులలో కడిగిన ఎర్రమట్టి శంకినీ నదిలో కలిసి నీటిని ఎరుపు చేసినది. ఆ నీరు త్రాగిన పల్లెలు ఇనుపచువ్వలతో ఇండ్లు కట్టుకొన్న పల్లెలు కావు. 1978 ఏప్రిల్‌లో, యంత్రముల రాకచేత పని పోగొట్టుకొనుచుండిన గనికూలీలమీద కిరందుల్‌లో పోలీసులు కాల్పులు జరిపిరి, కూలీలు మరణించిరి. చేతితో రాయి కొట్టు పని పోయెను. రాయి మాత్రము దిగుచునే యుండెను.

మందుపాతరల సంగతియు తెలుగువారికి పరాయిది కాదు. కొండపల్లి సీతారామయ్య నాయకత్వమున 1980లో ఏర్పడిన పీపుల్స్‌వార్ తన దళములను ఆ కాలముననే గోదావరి దాటించి బస్తర్ అడవికి పంపెను. తునికాకు కూలి చాలక, అటవీ సిబ్బంది వేధింపులు తాళలేక ఉన్న ఆదివాసులు వారిని దగ్గరకు రానిచ్చిరి. అడవిలోనికి పోయినవారిలో వరంగల్లు, కరీంనగర్, శ్రీకాకుళము తల్లుల బిడ్డలు ఎందరో ఉండిరి. 2025 మే 21న నారాయణపూర్ అడవిలో భద్రతా దళముల చేత హతుడైన మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు శ్రీకాకుళము జిల్లా జియ్యన్నపేట వాడు. గనికి వచ్చిన తెలుగువాడును, గనిమీదికి తుపాకి పట్టిన తెలుగువాడును ఒకే ఉత్తరాంధ్ర పల్లెలనుండి బయలుదేరి ఒకే అడవిలో ఎదురుబడిరి. బైలాడిల్లా ఖనిజమును పేల్చుటకై ఉంచిన పేలుడు పదార్థమును 2006 ఫిబ్రవరిలో మావోయిస్టులు హిరోలి గోదాముమీద పడి, కాపలా ఉన్న జవానులను చంపి, టన్నులకొద్ది కొనిపోయిరి. కొండను చీల్చవలసిన మందు మనుష్యులను చీల్చుటకు పోయెను.

ఇంకను ఒక సంగతి. 2005లో సల్వా జుడుం మొదలైన తరువాత పల్లెలు కాలి, ఇరుపక్షముల నడుమ నలిగిన వేలకొలది ఆదివాసులు సరిహద్దు దాటి ఖమ్మము, గోదావరి జిల్లాల అడవులలో తలదాచుకొనిరి. తెలుగువారు వారిని గుత్తికోయలని పిలుచుచున్నారు. మిరపకోతలకు వారు వచ్చుదురు. పట్టా లేదు, రేషనుకార్డు లేదు, వారి గుడిసెలు పలుమార్లు పీకివేయబడినవి. 2011 జులై 5న సుప్రీంకోర్టు ఆదివాసి యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా పంపుట రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పెను. అప్పటికి పారిపోయినవారు పారిపోయియే ఉండిరి. కాబట్టి బస్తర్ బచేలితో ఆగలేదు. భద్రాచలము పక్కన మిరపచేలలో వంగి పనిచేయుచున్నది.

ఇది అంతయు విని ఒక నెమ్మదియైన గుమాస్తా, లేక ఒక బడిపంతులు, తాను ఏ కొండను త్రవ్వలేదని, ఏ మందును పాతలేదని చెప్పవచ్చును. నిజమే. దానియేలు కూడ యెరూషలేము గోడలు పడగొట్టలేదు. ‘మేము’ అను ప్రార్థన నేరము ఒప్పుకొనుటకు పోలీసు ఠాణాలో వ్రాసియిచ్చు కాగితము కాదు. ఎవడు ఏ హత్య చేసెనో న్యాయస్థానము విడివిడిగా తేల్చవలసినదే, తేల్చకపోవుట అన్యాయము. దేవుని సన్నిధిని మాత్రము మనుష్యుడు ఒంటరి లెక్కతో నిలువబడడు. ఏ బల్లమీద అన్నము తినెనో ఆ బల్లమీది అప్పుతోకూడ నిలువబడును.

ఇక మృతులను గూర్చి. ఎవరికొరకు ఏడ్వవలెను? ఈ ప్రశ్నయే సంఘమును చీల్చును. 2010 ఏప్రిల్ 6న తాడిమెట్ల వద్ద డెబ్బదియారుగురు భద్రతా సిబ్బంది ఒక్క ఉదయమున హతులైరి. వారిలో అత్యధికులు కేంద్ర రిజర్వు పోలీసు దళమువారు, దేశములోని నానా రాష్ట్రముల బీద రైతుల కుమారులు. 2012 జూన్ చివర సార్కేగూడలో రాత్రివేళ కూడుకొనియుండిన గ్రామస్థులు పదునేడుగురు భద్రతా దళముల కాల్పులలో మరణించిరి. వారు మావోయిస్టులని చెప్పబడెను, కాని వారు మావోయిస్టులనుటకు ఆధారము లేదని న్యాయ విచారణ సంఘము తేల్చినట్లు 2019లో వెల్లడి ఆయెను. 2023 ఏప్రిల్ 26న అరన్‌పూర్ దారిలో మందుపాతర ప్రేలి పదిమంది జిల్లా రిజర్వు గార్డు జవానులును వారి వాహనపు డ్రైవరును మరణించిరి. ఆ దళమున చేరువారు ఆ మట్టిలో పుట్టిన యువకులే, కొందరు పూర్వము అడవి పక్షమున ఉండి లొంగిపోయినవారు. ఈ మూడు దుఃఖములను ఒకే ప్రార్థనలో పెట్టుట చాలమందికి నచ్చదు. ఒకరికి మొదటిది దుఃఖము, రెండవది వార్త. మరియొకరికి రెండవది దుఃఖము, మొదటిది వార్త.

సమూయేలు రెండవ గ్రంథము 21వ అధ్యాయమును సంఘములలో అరుదుగా చదువుదురు. దేశమున మూడేండ్లు కరవు వచ్చెను. కారణమడిగిన దావీదునకు దేవుడు ఒక పాత రక్తమును చూపెను. గిబియోనీయులు ఇశ్రాయేలీయులకంటె ముందే ఆ దేశమున ఉన్నవారు. యెహోషువ కాలమున వారితో ప్రమాణము జరిగెను. కట్టెలు కొట్టుటకును నీళ్లు మోయుటకును వారు నియమింపబడిరి. సౌలు ఆ ప్రమాణమును మరచి, స్వజనముమీది అత్యాసక్తితో వారిని చంపించెను. ఆ రక్తము తీర్చుమని వారు అడుగగా సౌలు సంతతివారు ఏడుగురు కొండమీద వ్రేలాడదీయబడిరి. ఒక అన్యాయమునకు మరియొక చావు జమకట్టబడెను. దేశమునకు వర్షము వెంటనే వచ్చెనా? లేఖనము అట్లు చెప్పదు.

అక్కడ రిస్పా అను స్త్రీ కనబడును. చచ్చిన ఏడుగురిలో ఇద్దరు ఆమె కుమారులు. ఆమె గోనెపట్ట తెచ్చి బండమీద పరచుకొని, కోతకాలము మొదలుకొని వాన కురియువరకు అక్కడనే ఉండెను. పగలు పక్షులను, రాత్రి అడవిమృగములను శవములమీద వాలనీయలేదు. తన ఇద్దరిని మాత్రమే కాదు, ఏడుగురిని కాచెను. ఆమె ఒక్క మాట పలికినట్లు వ్రాయబడలేదు. ఆమె సంగతి రాజునకు తెలుపబడెను. అప్పుడు దావీదు లేచి, సౌలు ఎముకలను, యోనాతాను ఎముకలను, వ్రేలాడదీయబడినవారి ఎముకలను తెప్పించి, వారి పితరుల సమాధిలో పాతిపెట్టించెను. ఆ పిమ్మటనే దేవుడు దేశముకొరకైన ప్రార్థన ఆలకించెనని ఆ అధ్యాయము చెప్పుచున్నది. వరుస గమనింపదగినది. శిక్ష నెరవేరినప్పుడు కాదు. శత్రువుల సంతతియని ఎంచబడినవారి ఎముకలకు సయితము గౌరవము జరిగినప్పుడు, ఒక తల్లి కావలి రాజు చెవికి ఎక్కినప్పుడు.

బస్తర్‌లో ఎందరు రిస్పాలున్నారో! ఒకరి ముంగిట జాతీయపతాకము కప్పిన పెట్టె దిగును. మరియొకరు ఆస్పత్రి గుమ్మమువద్ద చెట్టుక్రింద కూర్చుండి శవమును అప్పగింతురని కనిపెట్టుకొనియుందురు. బస్సు డ్రైవరు తల్లియొద్దకు పతాకము రాదు, నినాదము రాదు. బస్తర్ క్రైస్తవులకు సయితము ఈ వేదన తెలియును. 2025 జనవరిలో దర్భ ప్రాంతపు ఛింద్‌వాడలో ఒక క్రైస్తవ బోధకుని దేహము స్వగ్రామమున పాతిపెట్టుటకు అభ్యంతరము కలిగి, సుమారు మూడువారములు జగదల్‌పూర్ శవాగారములో ఉండెను. సుప్రీంకోర్టులో ఇరువురు న్యాయమూర్తులు భిన్నముగా తీర్పు చెప్పి, చివరకు దూరమందున్న క్రైస్తవ శ్మశానములో పాతిపెట్టుటకు ఆజ్ఞాపించిరి. తమ మృతునికి జానెడు నేల దొరకని సంఘమునకు ఇతరుల మృతులను ద్వేషించుటకు కారణములు దొరకును. అదే సంఘమునకు రిస్పా పనియు దొరకును. ఆమె తన ఇద్దరితో ఆగలేదు.

ఇక అన్నిటికంటె బరువైన సంగతి. మందుపాతర పాతినవానికొరకు ప్రార్థింపవచ్చునా? శత్రువులకొరకు ప్రార్థించుమని ప్రభువు ఆజ్ఞాపించెను. అది ఇష్టమైనప్పుడు పాటించు సలహా కాదు. అయినను బచేలి విధవ ముందర నిలిచి ఆ ఆజ్ఞను గట్టిగా చదువుటకు ఎవనికి అధికారమున్నది? ఆమె క్షమింపవలెనని బోధించుట బహు సులభము. ఆమెతోకూడ కూర్చుండుట కష్టము. కాబట్టి సంఘము ఆమె పక్షముగా ఆ బరువును కొంతకాలము మోయవలెను. ఆమె ఇంకను చెప్పలేని ప్రార్థనను ఇతరులు చెప్పవలెను, ఆమెను చెప్పుమని తొందరపెట్టక. ఆమె చెప్పగలిగినది కీర్తనలలోని మొఱ్ఱ మాత్రమే అయినయెడల అదియు ప్రార్థనయే; బైబిలులో దానికి చోటున్నది. హంతకునికొరకు చేయు ప్రార్థన వాని పని మంచిదని ఒప్పుకొనుట కాదు, శిక్ష తప్పించుమని అడుగుటయు కాదు. తీగ పట్టుకొని పొదలో పొంచియున్న ఆ యువకుని చేయి మరల అట్టి తీగ ముట్టకుండునట్లు, వానికి చిన్ననాట పేరుపెట్టి పిలిచిన తల్లి మరల వానిని పిలుచునట్లు అడుగుట.

లూకా 13లో ప్రభువు చావుల ప్రసంగము ముగించి వెంటనే ఒక అంజూరపు చెట్టు కథ చెప్పెను. ఈ కథను సాధారణముగా విడదీసి చదువుదురు; అది తప్పు. తోట యజమానుడు మూడేండ్లు పండ్లు వెదకి దొరకక నరికివేయుమనెను. మాలి అడ్డుపడెను: ఇంకొక్క ఏడు ఉండనిమ్ము. ఇది విజ్ఞాపన ప్రార్థన. కాని మాలి అడిగి ఊరకుండలేదు. దాని చుట్టు త్రవ్వుదును, ఎరువు వేయుదును అనెను. గడువు అడిగినవాడే గునపము పట్టుకొనెను. ఆ గునపము లేక అడిగిన గడువు చెట్టునకు మేలు చేయునా? చేయదు.

ఆ త్రవ్వుట ఎట్టిదో బచేలివంటి చోట ఊహించుట కష్టము కాదు. మరణించిన డ్రైవరు ఇంటికి పరిహారము రావలెనన్న ఎన్ని కాగితములు, ఎన్ని సంతకములు, ఎన్ని మార్లు జిల్లా కచేరీకి ప్రయాణము! చదువు రాని తల్లికి అది ఇంకొక ఘాట్ రోడ్డు. సంఘములో గుమాస్తా పని తెలిసినవాడు ఒకడు ఆమె వెంట వెళ్లినయెడల అది మాలి గునపమే. గాయపడినవారికి రక్తము కావలసినప్పుడు ఆస్పత్రిలో చేయి చాచుట, పిల్లవాని పదవ తరగతి ఫీజు సంవత్సరము పొడుగున కట్టుట, ఆ వారమునకే కాక మరుసటి దీపావళి మరునాడును ఆ యింటికి వెళ్లుట. మొదటి వారము అందరు వత్తురు. రెండవ సంవత్సరము వచ్చువారు అరుదు. పక్క పల్లె ఆదివాసి స్త్రీ వారపు సంతలో చింతపండు, ఇప్పపువ్వు అమ్మినప్పుడు తూకములో మోసము చేయకుండుటయు ఆ త్రవ్వుటలోనిదే. బస్తర్ కోపము చాలవరకు అట్టి తూకములలోనే మొలిచినది. ఏండ్ల తరబడి ఆ నేలమీద జీతము తీసికొన్న తెలుగు కుటుంబములు గోండిలో కనీసము పది మాటలు నేర్చుకొనుటయు చిన్న సంగతి కాదు. ఎవరికొరకు ప్రార్థింతురో వారి పలకరింపు కూడ తెలియకపోయిన ఎట్లు?

దూరమున, గుంటూరులోనో కర్నూలులోనో హైదరాబాదులోనో ఉన్న సంఘములకు బచేలి చేరుట కష్టము. వారికి మిరపచేల గుత్తికోయ దగ్గర. వాని గుడిసె ఎక్కడ వేసెనో, దానిని ఎవరు పీకుచున్నారో, వాని పిల్లకు బడిలో పేరు వ్రాసిరో లేదో విచారించుట ఖమ్మము సంఘమునకు రెండు గంటల పని. ప్రార్థన కూడికలో బస్తర్ పేరు ఎత్తినవాడు ఆ పని తప్పించుకొనజాలడు.

అట్టి ఆదివారమున, గురువారమునకును సోమవారమునకును మధ్య, సంఘము మోకరించి ప్రార్థింపదగిన ప్రార్థన ఈ విధముగా సాగవచ్చును:

ప్రభువా, మేము నీ యెదుట మాటలు లేక ఉన్నాము. మా నోట తొందరపాటు మాట రానీయకుము. మేము తప్పింపబడితిమి, ఎందుకో మాకు తెలియదు. చనిపోయినవారు మాకంటె పాపులని మేము తలంపకుండునట్లు మా తలంపులను కాపాడుము. ఆ కొండ మోసిన బరువులో మా వంతు ఉన్నది. ఆ నీటి ఎరుపులో మా వంతు ఉన్నది. అడవిలోనికి తుపాకి తీసికొనిపోయిన మా బిడ్డలు మా బిడ్డలే. మమ్మును క్షమించుము. జవాను తల్లిని, డ్రైవరు భార్యను, పేరు వ్రాయబడక పాతిపెట్టబడిన పల్లెవానిని నీవెరుగుదువు. మా జ్ఞాపకములోనుండి వారిని జారనీయకుము. తీగ పట్టుకొన్న చేతిని ఆపుము. తుపాకి పట్టుకొన్న చేతిని ఆపుము. రేపు ఓటు వేయుటకు భయపడుచున్నవారిని, ఓటు వేయించుటకు నడచిపోవుచున్నవారిని ఇంటికి చేర్చుము. ఇంకొక్క ఏడు ఈ నేలకు గడువిమ్ము, మేము త్రవ్వుదుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.